మైక్రోఫోను కాలిపోతోంది మహాప్రభో!

రేడియో ఎవరు కనిపెట్టారు అన్న ప్రశ్న వదిలితే చాలు, ఆఫీసు క్యాంటీన్లో అరగంట తేలిగ్గా గడిచిపోతుంది. ఒకాయన మార్కోనీ అంటాడు. ఇంకొకాయన వెంటనే జగదీశ్ చంద్ర బోసు అంటాడు, గొంతులో కాస్త దేశభక్తి కలిపి. మూలనున్న కుర్రాడు టెస్లా అంటాడు (ఈ రోజుల్లో ఏ ప్రశ్నకైనా వాడి జవాబు టెస్లాయే). నాకు ఆ తగువులో వేలు పెట్టే సరదా లేదు. ఎందుకంటే మార్కోనీ అట్లాంటిక్ దాటించినది మాట కాదు, సంకేతం. ఉంది-లేదు, ఒకటి-సున్నా. అంటే వైర్‌లెస్ పుట్టడమే డిజిటల్‌గా పుట్టింది, మనం గమనించం గానీ. అనలాగ్ తర్వాతొచ్చింది. నానా అగచాట్లూ పడి వచ్చింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చదవాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. మాటని గాల్లో పంపడంలో అసలు కష్టం తీగ లేకపోవడం కాదు. చిన్న శక్తితో పెద్ద శక్తిని ఆడించడం. ఆ కష్టాన్ని తీర్చినవాళ్ళలో ముఖ్యుడి పేరు మనం ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. పైగా అతను చేసిన పనిని మన కంపెనీల భాషలో సపోర్టు అంటారు. అవును, ఆ సపోర్టే. పెళ్ళిచూపుల్లో "డెవలప్‌మెంటా, సపోర్టా?" అని మామగారు ఆరా తీసే ఆ సపోర్టు.

సరే, కథలోకి వెళ్దాం.

1900 డిసెంబరు 23. అమెరికాలో పోటోమాక్ నది మీద కాబ్ ఐలాండ్ అని చిన్న లంక. అక్కడ రెజినాల్డ్ ఫెసెండెన్ అనే కెనడా ఆయన, అమెరికా వాతావరణ శాఖలో ఉద్యోగం చేస్తూ, మైలు దూరంలో ఉన్న తన సహాయకుడు థీసెన్‌తో తీగ లేకుండా మాట్లాడాడు. ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టి, మీ దగ్గర మంచు పడుతోందా అని అడిగాడు. వాతావరణ శాఖ ఉద్యోగి ఇంకేమడుగుతాడు! పడుతోందని థీసెన్ జవాబు టెలిగ్రాఫులో ఇచ్చాడు. గాల్లో వెళ్ళిన తొలి మాటల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు.

మాటైతే వినపడింది గానీ, దాని వెనకాల చెవులు చిల్లులు పడే రొద. కారణం ఏమిటంటే అప్పటి ట్రాన్స్‌మిటర్లు నిప్పురవ్వలతో పనిచేసేవి. ఒక్కో రవ్వా డప్పు మీద ఒక్కో దెబ్బ లాంటిది. మోగుతుంది, ఆరిపోతుంది. మోర్స్ చుక్కలకీ గీతలకీ అది చాలు. మాటకి చాలదు. పాట పాడాలంటే వెనక శ్రుతిపెట్టె ఆగకుండా మోగుతుండాలి కదా, అలాగే మాటని మోయడానికి తెంపు లేని తరంగం కావాలి. ఫెసెండెన్ రవ్వల జోరు సెకనుకి పదివేలకి పెంచి, డప్పునే శ్రుతిపెట్టెలా మోగించాలని చూశాడు. అది కుదిరే పని కాదని ఆయనకే అర్థమైంది.

తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ దగ్గర అలెగ్జాండర్సన్ అనే స్వీడన్ ఇంజనీరు చేత అతివేగంగా తిరిగే ఆల్టర్నేటర్ కట్టించుకున్నాడు. కరెంటు తయారుచేసే జనరేటర్ లాంటిదే. కాకపోతే సెకనుకి యాభై సార్లు ఊగే కరెంటు కాదు, యాభైవేల సార్లకి పైన ఊగే కరెంటు. 1906 డిసెంబరు 21న మసాచుసెట్స్‌లోని బ్రాంట్ రాక్ నుంచి 11 మైళ్ళ దూరంలో ఉన్న ప్లిమత్‌కి మాట పంపి, పిలిచిన పెద్దలందరికీ వినిపించాడు. మూడు రోజుల తర్వాత క్రిస్మస్ ముందు రాత్రి వయొలిన్ వాయించి ఓడల్లో వాళ్ళకి వినిపించాడని కూడా ఒక కథ ఉంది. దానికి ఆధారాలు గట్టిగా లేవని తర్వాత చరిత్రకారులు తేల్చారు. మంచి కథే, కానీ మన ఫార్వర్డు మెసేజీల కోవలో వేసుకోండి.

ఇప్పుడు అసలు సమస్య. శ్రుతిపెట్టె దొరికింది. దాని మీద పాట ఎక్కించడం ఎలా? ఆ రోజుల్లో దారి ఒక్కటే. ఏంటెనాకి వెళ్ళే తీగ మధ్యలో మైక్రోఫోను పెట్టెయ్యడం! కార్బన్ మైక్రోఫోను అంటే డబ్బీలో బొగ్గు రవ్వలు. మాట్లాడితే రేకు అదురుతుంది, రవ్వలు దగ్గరగా దూరంగా జరుగుతాయి, వాటిగుండా పోయే కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. మామూలు టెలిఫోనులో ఇది చక్కగా పనిచేస్తుంది. పొలం తూముకి పలక అడ్డం పెట్టి చేత్తో పైకీ కిందకీ ఆడించినట్టు. వీళ్ళు చేసిందేమిటంటే, ఆ పలకనే తీసుకెళ్ళి ప్రధాన కాలవకి అడ్డం పెట్టారు. ట్రాన్స్‌మిటర్ శక్తి మొత్తం ఆ డబ్బీ గుండా పోవాలి. మనిషి గొంతు శక్తి మైక్రోవాట్లలో, ఏంటెనాకి కావలసింది వందల వాట్లలో. ఫలితం మీరు ఊహించగలరు. బొగ్గు రవ్వలు వేడెక్కి ఒకదానికొకటి అంటుకుపోయేవి. లేదా తిన్నగా కాలిపోయేవి.

దీనికి ఆ కాలపు ఇంజనీర్లు చేసిన విన్యాసాలు చూస్తే మన ప్రొడక్షన్ రాత్రులు గుర్తొస్తాయి. ఫెసెండెన్ మైక్రోఫోనుని నీళ్ళతో చల్లబరిచాడు. కాలిఫోర్నియా సాన్ హోసేలో 1909 నుంచి ప్రసారాలు చేసిన చార్లెస్ హెరాల్డ్ అయితే అలాంటి మైక్రోఫోన్లు గుత్తిగా కట్టి వాడాడు. ఇటలీలో మయొరానా అనే ఆయన బొగ్గునే వదిలేసి, సన్నటి ద్రవధారనే మైక్రోఫోనుగా మార్చాడు. డెన్మార్క్‌లో పోల్సెన్ కనిపెట్టిన ఆర్క్ ట్రాన్స్‌మిటర్‌తో తరంగాలు చవగ్గా తయారుచెయ్యడం కుదిరింది గానీ, మాట ఎక్కించే చోటుకొచ్చేసరికి అక్కడా అదే డబ్బీ, అదే వేడి. లోడు ఎక్కువైందని సర్వరుకి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టడం లాంటివి ఇవన్నీ. పనిచేస్తాయి. ఆ పూటకి.

తీగల టెలిఫోనువాళ్ళు కూడా హాయిగా ఏమీ లేరు. వాళ్ళ బాధ ఇంకోలా ఉంది. తీగ పొడవయ్యేకొద్దీ గొంతు నీరసించిపోతుంది. ప్యూపిన్ కాయిల్స్ వేసి 1911 నాటికి న్యూయార్కు నుంచి డెన్వర్ దాకా ఎలాగో లాక్కొచ్చారు. అంతకు మించి మాట పోదు. రిసీవరుకి ఎదురుగా ఇంకో మైక్రోఫోను అతికించి, దాంతో కొత్త కరెంటు ఆడించే రిపీటరు ఒకటి ష్రీవ్ అనే ఆయన 1904లోనే చేశాడు. అదీ ఒక యాంప్లిఫయరే. కానీ రెండు మూడు వరసగా పెడితే జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు అక్షరం గుర్తుపట్టలేని స్థితి.

మా తాతయ్య ట్రంక్ కాల్ మాట్లాడితే వీధి చివర వరకూ వినపడేది. హైదరాబాదులో ఉన్న బాబాయికి వినపడాలంటే అంత గట్టిగా అరవాలని ఆయన గట్టి నమ్మకం. మేం నవ్వుకునేవాళ్ళం. కానీ సాంకేతికంగా చూస్తే యాంప్లిఫయర్ లేని ప్రపంచంలో తాతయ్య చేసిందే కరెక్టు. గొంతు ఎంత ఇస్తే అంతే. మధ్యలో కలిపేవాడు ఎవడూ లేడు.

ఆ కలిపేవాడు 1906లో పుట్టాడు, పుట్టించినవాడికే తెలియకుండా. లీ డి ఫారెస్ట్ అనే ఆయన, ఫ్లెమింగ్ 1904లో చేసిన రెండు ఎలక్ట్రోడ్ల బల్బు లాంటిదాన్ని పట్టుకుని, మధ్యలో మూడో తీగ ఒకటి వంకరటింకరగా పెట్టాడు. ఆడియాన్ అని పేరు పెట్టాడు. మనం ట్రయోడ్ అని చదువుకున్నది అదే. 1908లో పేటెంటు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ఎలక్ట్రానిక్స్ అంతా దాని మీద నిలబడింది. ఇంత చేసినాయన ఏళ్ళ తరబడి దాన్ని సిగ్నలు పసిగట్టే పరికరంగానే వాడాడు. అది ఎందుకు పనిచేస్తోందో ఆయనకి తెలీదు. బల్బులో మిగిలిన కాస్త గ్యాసు వల్లే పనిచేస్తోందని నమ్మాడు. గ్యాసు లేకపోతే పనిచెయ్యదని కూడా నమ్మాడు.

మనిషి మాత్రం హడావిడికి లోటు లేనివాడు. 1907లో అమెరికా నావికాదళపు ఓడలకి ఆర్క్ రేడియో ఫోన్లు హడావిడిగా బిగించాడు. అవి సరిగ్గా పనిచెయ్యక తర్వాత పీకేశారు. 1910 జనవరిలో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరా నుంచి కరూసో గానాన్ని ప్రసారం చేశాడు. విన్నవాళ్ళకి పాట కన్నా గోల ఎక్కువ వినిపించింది. డెమో అంటే డెమోయే మరి. పేపర్లో పడింది.

1912 అక్టోబరులో ఆయన ఆడియాన్ పట్టుకుని ఏటీ అండ్ టీ వాళ్ళ గుమ్మం తొక్కాడు, ఇది గొంతుని పెంచుతుంది చూడండి అని. పెంచింది. కానీ గట్టి సిగ్నలు ఇచ్చి వోల్టేజి పెంచేసరికి బల్బులో నీలం కాంతి వచ్చి మాట గొరగొరమని ముద్దైపోయింది. ఇక్కడ ప్రవేశిస్తాడు నేను చెప్పిన మనిషి. హెరాల్డ్ ఆర్నాల్డ్. షికాగోలో మిల్లికన్ దగ్గర ఫిజిక్సు చదివి, 1911లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో చేరాడు. అప్పటికే పాదరసపు ఆవిరితో ఒక రిపీటరు చెయ్యాలని తంటాలు పడుతున్నాడు. ఆ నీలం కాంతి చూడగానే అతనికి విషయం బోధపడింది. ఆడియాన్ పనిచెయ్యడానికి కారణం గ్యాసు కాదు, పనిచెయ్యకపోవడానికి కారణం గ్యాసు. ఎలక్ట్రాన్లు గ్యాసు అణువుల్ని గుద్ది అయాన్లు చేస్తున్నాయి, ఆ దెబ్బకి మూడో తీగకి అదుపు పోతోంది. గాలి మొత్తం తోడెయ్యండి అన్నాడు.

అంతే. కొత్త పరికరం ఏమీ లేదు. కొత్త పేరు లేదు. జర్మనీ నుంచి మంచి పంపు తెప్పించాడు, శూన్యం బాగా పెంచాడు, ఫిలమెంటుకి ఆక్సైడు పూత వేసి ఆయుష్షు పెంచాడు. ఏడాది తిరిగేసరికి, 1913లో, న్యూయార్కు-బాల్టిమోర్ లైను మీద మధ్యలో ఫిలడెల్ఫియాలో ట్యూబు రిపీటరు పెట్టి పరీక్షించారు. 1915 జనవరి 25న న్యూయార్కులో కూర్చున్న గ్రాహంబెల్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న తన పాత సహాయకుడు వాట్సన్‌తో మాట్లాడాడు. 3,400 మైళ్ళు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు బాగా నచ్చే ముక్క ఇదే. గ్యాసు ఉన్న ఆడియాన్లు ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. ఒకటి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పక్కది చేయదు, మొదటిది రేపు చేస్తుందో లేదో తెలీదు. శూన్యం చేశాక ట్యూబులన్నీ దాదాపు ఒక్కలా ప్రవర్తించాయి. లెక్కకి అందాయి. లెక్కకి అందితే ఏమవుతుందో 1915 చివర్లో తెలిసింది. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో నావికాదళం వారి ఏంటెనా తీసుకుని, ఏటీ అండ్ టీ ఇంజనీర్లు ఐదొందల దాకా చిన్న ట్యూబుల్ని పక్కపక్కన కలిపి ఒక ట్రాన్స్‌మిటర్ కట్టారు. ఒక్కో ట్యూబు సత్తా ఇరవై వాట్ల లెక్కలో. సెప్టెంబరు 29న ఆ మాట హవాయి దీవుల్లో హొనొలూలూ దాకా వినపడింది. అక్టోబరు 21న పారిస్‌లో ఈఫిల్ టవర్ మీది ఏంటెనాకి అందింది. అవతల యుద్ధం జరుగుతోంది, ఫ్రెంచి సైన్యం ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే వినాలి. జవాబులు తీగల మీదా కేబుల్ మీదా వచ్చాయి, అది వేరే సంగతి.

ఈ ఐదొందల ట్యూబుల్ని చూసి మీకేమీ గుర్తు రాలేదా? పెద్ద మెయిన్‌ఫ్రేమ్ ఒకటి కొనే బదులు మామూలు సర్వర్లు ఐదొందలు వరసలో పెట్టడం! అలెగ్జాండర్సన్ ఆల్టర్నేటర్ మెయిన్‌ఫ్రేమ్. మహాయంత్రం, మహావేగం, మహాఖరీదు. (ఏమాటకామాటే, మన్నిక కూడా మహామన్నికే. స్వీడన్‌లో గ్రిమెటన్ అనే ఊళ్ళో 1920లలో పెట్టినది ఇప్పటికీ తిరిగే స్థితిలో ఉంది, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.) ఆర్లింగ్టన్‌ది క్లస్టర్. ఒకటి మాడిపోతే తీసేసి ఇంకోటి పెట్టుకో. కానీ క్లస్టర్ పనిచెయ్యాలంటే ఒక షరతుంది, ప్రతి నోడూ ఒక్కలా ప్రవర్తించాలి. డి ఫారెస్ట్ బల్బులు ఐదొందలు కలిపితే ఐదొందల రకాల గోల వచ్చేది.

ఇక మైక్రోఫోను సంగతి? ఆ డబ్బీకి విముక్తి దొరికింది. ఇప్పుడు దాని గుండా టెలిఫోనులో పోయేంత కరెంటే పోతుంది. ఆ చిన్న సిగ్నలుని ఒక ట్యూబు పెంచుతుంది, ఇంకో ట్యూబు శ్రుతిపెట్టె వాయిస్తుంది, పెరిగిన గొంతుని ఆ శ్రుతి మీద ఎక్కిస్తారు, చివర్లో ఐదొందల మంది కలిసి మోస్తారు. నీళ్ళ పైపులక్కర్లేదు, ద్రవధారలక్కర్లేదు. పదిహేనేళ్ళపాటు మైక్రోఫోనుని బాగుచేద్దామని చూసిన సమస్యకి పరిష్కారం అసలు మైక్రోఫోనులో లేదు.

నా బాధ ఇక్కడ మొదలవుతుంది. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక కంపెనీలో ఒక సర్వీసు ఉండేది. రోజూ తెల్లవారుజామున మూడింటికి దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా ఎవరో ఒక స్క్రిప్టు పెట్టారు. ఎందుకని అడిగితే "పెట్టకపోతే పొద్దునకి పడిపోతుంది" అన్నారు. ఎందుకు పడిపోతుంది? "పనిచేస్తోంది కదా, నువ్వెందుకు కెలుకుతావ్?" ఇదే ఆ నీలం కాంతి. ఆ టీములో ఒకమ్మాయి మూడు వారాలు లాగులు తిరగేసి, మెమరీ ఎక్కడ కారుతోందో పట్టుకుని, ఆరు లైన్లు మార్చింది. ఆ ఏడాది అప్రైజల్లో ఆవిడకి వచ్చిన రేటింగు మామూలుదే. ఎందుకంటే ఆవిడ కొత్తగా ఏమీ కట్టలేదుట. అదే ఏడాది డ్యాష్‌బోర్డు ఒకటి చేసి క్లయింటు ముందు డెమో ఇచ్చిన అబ్బాయికి ప్రమోషను. ఆ డ్యాష్‌బోర్డు తర్వాత ఎవరూ తెరవలేదనుకోండి.

ఇప్పుడైతే ఇంకో మెట్టు ఎక్కాం. కోడు రాసిపెట్టే ఏఐ సాధనాలొచ్చాయి, నిమిషంలో మూడో తీగ వంచి ఇస్తాయి. పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేస్తోందని అడిగితే కుర్రాళ్ళు నా మొహం వింతగా చూస్తున్నారు. నేనేమీ ఆ సాధనాలకి శత్రువుని కాదు, రోజూ వాడతాను. గ్యాసు వల్ల పనిచేస్తోందా, గ్యాసు ఉన్నా పనిచేస్తోందా అన్నది తేల్చేవాడికి జీతం ఎవరిస్తారు అన్నదే నా ప్రశ్న.

డి ఫారెస్ట్‌ని మోసగాడు అనడం నా ఉద్దేశం కాదు. ఆ మాట ఆయన్ని అమెరికా ప్రభుత్వమే అంది. 1913లో ఆయన మీదా ఆయన కంపెనీవాళ్ళ మీదా వాటాదారుల్ని మోసం చేశారని కేసు నడిచింది. కొద్ది ఏళ్ళలో మనిషి మాట అట్లాంటిక్ దాటుతుందని చెప్పి షేర్లు అమ్మారన్నది అభియోగాల్లో ఒకటి. ఆయన బయటపడ్డాడు, ఇద్దరు సహచరులకి శిక్ష పడింది. రెండేళ్ళు తిరక్కుండా మాట నిజంగానే అట్లాంటిక్ దాటింది. ఆయన మూడో తీగ వల్లే దాటింది, ఆయన మాత్రం అక్కడ లేడు. ఆ తీగ పెట్టకపోతే ఆర్నాల్డ్ గాలి తోడటానికి బల్బే లేదు. అందుకని ఆయన వాటా ఆయనకివ్వాల్సిందే. 1913లో టెలిఫోను హక్కులకి ఏటీ అండ్ టీ 50,000 డాలర్లు ఇచ్చింది. తక్కువేనని నేనూ ఒప్పుకుంటాను.

"అంత పెద్ద కంపెనీ డబ్బుంటే ఎవడైనా చేస్తాడు" అనే వాదన వస్తుందని తెలుసు. డబ్బే చాలితే ఐరోపాలోనూ అయ్యుండాలి. ఆస్ట్రియాలో రాబర్ట్ ఫాన్ లీబెన్ కూడా 1906లోనే గొంతు పెంచే ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో పెద్ద కంపెనీలన్నీ కలిసి ఆ హక్కులు కొన్నాయి. ఆ ట్యూబులో పాదరసపు ఆవిరి ఉండేది. ఆవిరి ఉండాల్సిందే అనుకున్నారు. చివరికి అది పక్కకి పోయింది, శూన్యం గెలిచింది. అటు జనరల్ ఎలక్ట్రిక్‌లో లాంగ్‌మ్యూర్ కూడా, ఆర్నాల్డ్‌తో సంబంధం లేకుండా, గాలి తీసెయ్యాలనే తేల్చాడు. ఇద్దరూ చేసింది ఒక్కటే, ఎందుకని అడిగారు.

మరి అడిగినందుకు ఏం దక్కింది? శూన్యం హక్కు ఎవరిదని రెండు కంపెనీలూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. 1931లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, అప్పటికే తెలిసిన విషయం ప్రకారం గాలి ఇంకాస్త తీయడం ఆవిష్కరణ కాదు, లాంగ్‌మ్యూర్ పేటెంటు చెల్లదు అని. "కొత్తగా ఏమీ కట్టలేదు కదా" అన్న మన అప్రైజల్ మాటే, నల్ల కోటు వేసుకుని. 1934లో అదే కోర్టు, ఆడియాన్ ఎలా పనిచేస్తుందో కొలిచి, గ్రాఫులు గీసి వివరించిన ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కాదని, రీజనరేషన్ సర్క్యూట్ హక్కు కూడా డి ఫారెస్ట్‌కే కట్టబెట్టింది. ఇంజనీర్ల సంఘం తనకిచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగిచ్చేయబోతే, వాళ్ళు తీసుకోలేదు. కోర్టు ఏమన్నా సరే, పతకం నీదే అన్నారు. ఆ ఒక్క సంఘటన కోసం ఆ సంఘంవాళ్ళంటే నాకు గౌరవం.

డి ఫారెస్ట్ 1950లో ఆత్మకథ రాసుకున్నాడు, పేరు "ఫాదర్ ఆఫ్ రేడియో". ఆర్నాల్డ్ 1925లో బెల్ ల్యాబ్స్ మొదటి పరిశోధనా డైరెక్టరయ్యాడు. 1927 జనవరి 7న న్యూయార్కు-లండన్ మధ్య రేడియో టెలిఫోను జనానికి అందుబాటులోకి వచ్చింది, మూడు నిమిషాలకి 75 డాలర్లు. 1933లో ఇండియా నుంచి ఇంగ్లండుకీ అలాంటి సర్వీసు మొదలైంది. ఆర్నాల్డ్ చనిపోయింది కూడా 1933లోనే. అప్పటికి ఆయనకింకా యాభై నిండలేదు.